పాత బొమ్మ రైలింజనులను బాగుచేయు విధము

బొమ్మ రైలింజను పిల్లల ఆటవస్తువే. అయినను దానిని విప్పి చూచినయెడల, మన తరగతులలో వేరువేరు గంటలలో చెప్పబడు అయస్కాంతము, విద్యుత్ప్రవాహము, లోహమిశ్రమములు, కొలతల లెక్కలు, ఇవి యన్నియు అరచేతియంత స్థలములో ఒక్కచోట కనబడును. ఇంగ్లండు దేశమున అనేక గృహములలో అటకలమీది పెట్టెలయందు తాతలనాటి బొమ్మ ఇంజనులు నేటికిని దొరకుచుండును. వానిలో పెక్కింటిని చెడగొట్టినది కాలము కాదు. బాగుచేయబూనినవారి తొందరపాటే యని మా యభిప్రాయము. కావున అట్టి ఇంజనును తక్కువ ఖర్చుతో మరల నడిపించుట యెట్లో, మూడు పట్టాలకొరకు చేయబడిన దానిని రెండు పట్టాలపై నడచునట్లు మార్చుట యెట్లో, ఏది మార్పదగినదో ఏది మార్పరానిదో, హార్న్‌బీ డబ్లో అను జాతి ఇంజనులను దృష్టాంతముగా తీసికొని ఇచ్చట వివరింతుము.

లివర్‌పూలు నగరవాసియగు ఫ్రాంకు హార్న్‌బీ 1901లో రంధ్రములుగల లోహపు పట్టీలతో యంత్రముల నమూనాలు కట్టుకొను ఆటవస్తువునకు పేటెంటు పొందెను. అదియే పిమ్మట మెకానో అను పేర ప్రసిద్ధి కెక్కినది. ఆయన సంస్థ 1920లో బొమ్మ రైళ్లను వెలువరించెను. అవి కీ ఇచ్చి నడుపు రేకు ఇంజనులు. వాని పట్టాల నడిమి దూరము 32 మిల్లీమీటరులు. ఈ కొలతకు 'ఓ' గేజి యని పేరు. దానిలో ఇంచుమించు సగమైన 16.5 మిల్లీమీటరుల కొలత 'డబుల్ ఓ' గేజి. హార్న్‌బీ 1936లో మరణించెను; 1938లో ఆయన సంస్థ ఈ చిన్న కొలతతో రైళ్లను చేసి వానికి డబ్లో అని పేరిడెను. మొదట వచ్చినవి రెండే ఇంజనులు: ఒకటి 'సర్ నైజెల్ గ్రెస్లీ' అను 4498 సంఖ్యగల వేగపుటింజను, రెండవది ఒక చిన్న ట్యాంకు ఇంజను. యుద్ధకాలమున నిలిచిన పని యుద్ధానంతరము మరల సాగి, 'డచెస్ ఆఫ్ ఎథోల్' అను 6231 సంఖ్యగల ఇంజను వెలువడెను. మెకానో సంస్థ 1964లో లైన్స్ బ్రదర్స్ వారి చేతిలోనికి పోయెను. లివర్‌పూలులోని బిన్స్ రోడ్డు కర్మాగారము 1979లో మూతబడెను.

ఇక్కడ చదువరులు ఒక సంగతి గమనింపవలెను. నిజమైన డచెస్ ఇంజనులు 1937 మొదలు 1948 వరకు 38 నిర్మింపబడినవి. వానిలో నేడు మిగిలినవి మూడే. ఆ మూటిలో డచెస్ ఆఫ్ ఎథోల్ లేదు. నూరు టన్నులకు పైబడిన ఆ యినుప ఏనుగు తునకలై పోగా, పిల్లవాడు పుట్టినరోజున పొందిన దాని బొమ్మ మాత్రము మిగిలియున్నది. దాని పేరును రంగును సంఖ్యను చేతిలో పట్టుకొని చూడగోరువారికి ఈ బొమ్మయే దిక్కు. కాబట్టి దానిపై ఆకురాయి పెట్టువాడు ఒకమారు ఆలోచింపవలెను.

కొలతల విషయమున విద్యార్థులకొక చిన్న లెక్క. డబ్లో ఇంజనులందు నిజమైన ఒక అడుగునకు 4 మిల్లీమీటరులు. ఇంగ్లండులోని రైలుమార్గపు వెడల్పు 4 అడుగుల 8½ అంగుళములు. దీనిని 4 చేత గుణించిన 18.83 మిల్లీమీటరులు రావలెను. కాని డబ్లో పట్టాల వెడల్పు 16.5 మాత్రమే. అనగా ఇంజను సరియైన పరిమాణములోనే యుండి, దాని క్రింది మార్గము మాత్రము 4 అడుగుల 1½ అంగుళముల యిరుకుదారి యైనది. ఆ కాలపు మోటారులు పెద్దవి, ఇంగ్లండు ఇంజనులు చిన్నవి. కావున పట్టాలను మార్పక పైభాగమును కొంచెము పెంచిరి. మన దేశములోని బ్రాడ్‌గేజి 5 అడుగుల 6 అంగుళములు గదా, అదే కొలతలో దాని కెన్ని మిల్లీమీటరులు కావలెనో మీరే కట్టి చూడుడు. సరిగా 22 వచ్చును. అందుచే డబ్లో ఇంజనుకు రంగు వేసి మన బ్రాడ్‌గేజి ఇంజనని చెప్పువారి మాట కొలబద్ద యెదుట నిలువదు.

ఇక పనిలోనికి వత్తము. నడువని ఇంజనులు నడచువానికంటె చవుకగా దొరకును. అయితే ఏ కారణముచే నడువదో తెలియక కొన్నచో చవుక అనునది మాటవరుసకే మిగులును. మొట్టమొదట చూడవలసినది మోటారు కాదు, చట్రము. ఈ ఇంజనుల దేహమును చట్రమును మజాక్ అను మిశ్రమలోహముతో పోతపోసిరి. ఇందు ప్రధానముగా యశదము, నూటికి నాలుగు వంతులు అల్యూమినియము, స్వల్పముగా ఇతర లోహములు ఉండును. యశదము మిక్కిలి శుద్ధముగా నుండవలెను. సీసము గాని తగరము గాని అత్యల్పముగా కలిసినను, సంవత్సరములు గడచినకొలది గాలిలోని తేమతో లోహపు కణముల సందులయందు తుప్పు ప్రవేశించి, లోహము లోలోపలనే ఉబ్బును. మొదట వెండ్రుకవంటి పగుళ్లు; తరువాత చట్రము వంకరపోవుట, ఇరుసులు బిగిసిపోవుట; తుదకు ఎండిన మట్టిపెళ్లవలె చేతిలో విరిగిపోవుట. యుద్ధమునకు ముందటి చట్రములందును చక్రములందును ఈ రోగము మెండుగా కానవచ్చును.

దీనికి మందు లేదు. జిగురు పూసిన నిలువదు. రంగు వేసిన దాగునే గాని ఆగదు. అందుచే కొనకముందే భూతద్దముతో చట్రమంతయు పరీక్షింపవలెను. ఉక్కు కొలబద్దను చట్రపు అడుగున నిలువుగా ఆనించి వెలుతురుకెదురుగా చూచినచో, వంకర యున్నయెడల సందునుండి వెలుగు కనబడును. చక్రములను వ్రేలితో నెమ్మదిగా త్రిప్పి అంచులయందు బీటలున్నవేమో చూడవలెను. బాగున్న లోహము ఇంతకాలము నిలిచినదనిన, అది శుద్ధమైన పోత యని నమ్మవచ్చును, ఇకమీదటను నిలుచును. పొడిగా నుండుచోట భద్రపరచిన చాలును. ఇట్లు పరీక్షించుటకు ఖర్చు ఏమియు లేదు. ఇదియే పనియంతటిలో ఎక్కువ ధనమును మిగిల్చు భాగము.

చట్రము బాగున్నదని తేలిన పిమ్మట మోటారును చూడవలెను. బలమైన అయస్కాంతపు రెండు కొనల నడుమ మూడు తీగచుట్టలుగల ఆర్మేచరు తిరుగును. దాని చివర మూడు రాగిముక్కల కమ్యుటేటరు. దానిని రెండు కర్బనపు బ్రష్షులు స్ప్రింగుల బలముతో ఒత్తుచుండును. ఆర్మేచరు ఇరుసుపైనున్న మరచుట్టు ఒక పళ్లచక్రమును త్రిప్పగా చోదకచక్రములు కదలును. ఇంతే యంత్రము. ఇందు చెడునవి సాధారణముగా మూడు: మురికిచేత ప్రవాహము అందకపోవుట, తీగ తెగిపోవుట, అయస్కాంతము బలహీనపడుట.

మురికి అన్నింటికంటె తఱచు; దానిని కడుగుట అన్నింటికంటె సులభము. కమ్యుటేటరుపై నల్లని మసిని ఐసోప్రొపైలు ఆల్కహాలులో ముంచిన దూదితో తుడిచి, రాగిముక్కల నడిమి సందులను పుల్లతో గోకి శుభ్రపరచవలెను. సూదితో గాని కత్తితో గాని గోకరాదు, రాగి గీచుకొనిపోవును. గరుకు కాగితమును ఈ చోటికి దగ్గరకే రానీయకుడు.

తీగ తెగినదో లేదో తెలిసికొనుటకు సామాన్యమైన మల్టీమీటరు చాలును. మూడు చుట్టలును త్రిభుజమువలె కలుపబడియున్నవి. ఒక్కొక్క చుట్ట నిరోధము 12 ఓములు అనుకొందము. ఏ రెండు రాగిముక్కల నడుమ కొలిచినను, ఒక దారిలో 12, రెండవ దారిలో 24, రెండును సమాంతరముగా నుండుటచే 8 ఓములు చూపవలెను. మూడు కొలతలును సమానమైనచో చుట్టలు క్షేమము. ఒక చుట్ట తెగినయెడల దాని కొనల నడుమ 24, తక్కిన రెండుచోట్ల 12 చొప్పున చూపును. అనగా ఒకటి మిగిలిన వానికి రెండింతలైనచో, ఆ చుట్టయే తెగినదని విప్పకయే చెప్పవచ్చును. పదవ తరగతి పిల్లలు సమాంతర నిరోధముల లెక్క యెందుకు నేర్వవలెనని అడుగుదురు. ఈ ఆర్మేచరును వారి చేతికిచ్చి కొలువుమనుట మేలైన జవాబని మాకు తోచినది. తెగినది రాగిముక్కతో కలియు అతుకుదగ్గరనే యైనచో, ఒక చుక్క టంకముతో బాగుపడును. లోపల తెగినచో మరల చుట్టవలెను; అది ఓపిక గలవారి పని.

అయస్కాంతము విషయమై ఒక హెచ్చరిక. తొలినాటి మోటారులలో గుర్రపునాడావంటి అయస్కాంతముండును. ఆర్మేచరును పైకి లాగినంతనే దాని రెండు ధ్రువముల నడుమ ఇనుము లేక, అయస్కాంతము తన బలమును కొంత కోల్పోవును. కావున ఆర్మేచరును తీయునపుడే మెత్తని ఇనుప ముక్కను ధ్రువములకు అడ్డముగా ఆనించి ఉంచవలెను. పాతకాలపు ఇంజనులను ఎందరో ఈ సంగతి ఎఱుగక పలుమారులు విప్పియుందురు. అట్టి ఇంజను ఖాళీగా నున్నపుడు వేగముగా పరుగెత్తును. రెండు పెట్టెలు తగిలించినంతనే వేడెక్కి నిలిచిపోవును. బలహీనమైన క్షేత్రములో తిరుగు చుట్టయందు పుట్టు ఎదురు వోల్టేజి తక్కువగుటచే, ప్రవాహమెక్కువై, లాగుబలము మాత్రము తగ్గుటయే దీనికి కారణము. దీనికి రెండు మార్గములు కలవు: పాత అయస్కాంతమునకు తగిన యంత్రముతో మరల బలమెక్కించుట, లేదా 1980 దశకములో కనిపెట్టబడిన నియోడిమియము అయస్కాంతపు చిన్న దిమ్మలను, సందు మిగులకుండ ఇనుప ముక్కలతో కూర్చి, దాని స్థానమున అమర్చుట. రెండవది చవుక. ధ్రువములు తాఱుమారైనచో ఇంజను వెనుకకు నడచును; త్రిప్పి పెట్టిన సరిపోవును. మితిమీరిన బలముగల దిమ్మలు పెట్టినచో ఆర్మేచరు కుదుపులతో తిరుగును.

శుభ్రపరచుటకును నూనెకును ఎక్కువ మాటలక్కరలేదు. ఎండి జిగురైన పాతనూనెను తీసివేసి, ఇరుసుల కీళ్లయందు కుట్టుమిషను నూనెను సూదిమొనతో ఒక్కొక్క బొట్టు వేయవలెను. కొబ్బరినూనె, ఆముదము పనికిరావు. అవి ఆరి పాతజిగురునకు క్రొత్తజిగురును చేర్చును. కమ్యుటేటరునకు నూనె తగులరాదు.

రంగు విషయములో మాత్రము కొంత గట్టిగా చెప్పవలసియున్నది. పాతరంగులలో సీసము కలిసియుండవచ్చును గనుక దానిని గరుకు కాగితముతో రుద్ది ధూళి చేయుట ఆరోగ్యమునకు హాని. పిల్లలున్న యింట మఱింత హాని. వస్తువు విలువకును హానియే. పైతొడుగును చట్రమునుండి విడదీసి, గోరువెచ్చని నీటిలో ఒక చుక్క సబ్బు కలిపి, మెత్తనిగుడ్డను పిండి తుడిచిన చాలును. అక్షరములపై నొక్కిపెట్టి రుద్దరాదు. అక్కడక్కడ పెచ్చులూడినను ఆ పాతరంగే అందము. తళతళలాడు క్రొత్తరంగు వేసినవాడు దానిని బాగుచేసితినని సంతోషించును. ఎఱిగినవాడు చూచి నిట్టూర్చును.

పాత ట్రాన్స్‌ఫార్మరు ఇంజనుతోపాటు దొరకినయెడల దానిని అలమారలో చూచుటకు ఉంచుకొనుడు, గోడప్లగ్గునకు తగిలింపకుడు. దాని తీగల రబ్బరు ఎండి పొడియై యుండును. హార్న్‌బీ వారి మొదటి విద్యుత్తు రైలు, 1925 నాటిది, ఇంటి విద్యుత్తునే ఒక దీపము గుండా పంపి పట్టాలలోనికి వదలునట్లు చేయబడినదనిన, ఆ కాలపు ధైర్యము తెలియును! డబ్లో ఇంజనులకు కావలసినది 12 వోల్టుల ఏకముఖ ప్రవాహము మాత్రమే. నేడు దొరకు సురక్షితమైన చిన్న కంట్రోలరు దానికి చాలును. ఈ యొక్క వస్తువులో పొదుపు చూడరాదు.

ఇక మార్పు సంగతి. డబ్లో మార్గమునకు 1959 వరకు మూడు పట్టాలుండెడివి. నడిమి పట్టానుండి ఇంజను అడుగునగల లోహపు రేకు ప్రవాహమును గ్రహించును. పని ముగించిన ప్రవాహము చక్రములగుండా ప్రక్కపట్టాలు రెండింటికిని మరలిపోవును. చక్రములు, ఇరుసులు, చట్రము అన్నియు ఒక్కటే విద్యుద్వాహకము. ఒక బ్రష్షు చట్రమునకే తగిలియుండును. 1959లో వచ్చిన రెండు పట్టాల పద్ధతిలో కుడిపట్టాకు ఒక ధ్రువము, ఎడమపట్టాకు మఱియొకటి. పాత ఇంజనును ఈ మార్గముపై పెట్టినంతనే దాని ఇరుసులు రెండు పట్టాలను నేరుగా కలిపివేయును. అదియే షార్టు.

కావున మార్పులో సారమంతయు ఇంతే: ఒక వైపు చక్రములన్నిటిని ఇరుసులనుండి విద్యుద్బంధకము చేయవలెను, ఆ చక్రముల వెనుక సన్నని కంచుతీగలు రాయునట్లు అమర్చి, వానిని చట్రమునకు తగులని బ్రష్షుతో కలుపవలెను. ఎదుటివైపు చక్రములు మునుపటివలెనే చట్రము గుండా రెండవ బ్రష్షునకు ప్రవాహము నిచ్చును. చోదకచక్రములే గాక ముందు బోగీ, వెనుక చిన్నచక్రములు, టెండరు, చివరకు పాత పెట్టెల లోహపు చక్రములు కూడ మార్పవలెను. ఒక్క ఇరుసు మిగిలిన చాలును, బండియంతయు నిలిచిపోవును. టెండరుకు ఎడమ వైపున, ఇంజనుకు కుడి వైపున బంధకము చేసినయెడల రెంటిని కలుపు కొక్కెమే షార్టగును. రెండింటికిని ఒకే వైపు చేయుట క్షేమము.

చిన్నచక్రములను మార్చుట తేలిక, ఖర్చును స్వల్పము. చోదకచక్రములే కష్టము. ఒక వైపు చక్రపు క్రాంకుపిన్ను పైకి చూచుచున్నపుడు, ఎదుటివైపు పిన్ను దానికి 90 భాగల దూరముననుండవలెను. నిజమైన ఇంజనులలో ఒక పిస్టను త్రోయలేని స్థితిలో నున్నపుడు రెండవది త్రోయుటకై ఈ ఏర్పాటు. బొమ్మలో పిస్టనుల బలము లేకున్నను, కలుపుకడ్డీలు చక్రములను బిగబట్టక సాఫీగా త్రిప్పవలెనన్న ఈ కోణము మూడు ఇరుసులకును ఒక్కటిగా నుండి తీరవలెను. చక్రములను ఊడదీసి మరల బిగించుటకు తగిన అచ్చు లేనివారు సుత్తితో ఈ పని చేయబూనరాదు. చక్రముల లోపలి ముఖముల నడుమ దూరము నేటి పట్టాలకు 14.5 మిల్లీమీటరులుండవలెను.

తక్కువ ఖర్చుతో ఇంతకంటె మేలైన ఉపాయమొకటి కలదు. పైతొడుగు పగిలియో, పోయియో, చట్రము మాత్రము నిలిచిన రెండు పట్టాల డబ్లో ఇంజనులు విడిగా దొరకుచుండును. అదే తరగతి చట్రమును సంపాదించి, మన పాత పైతొడుగును దానిపై అమర్చినచో, పాత చట్రముపై ఒక గీతయైన పడదు. దానిని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచవచ్చును. ఎప్పుడు కోరిన అప్పుడు మరల మూడు పట్టాల ఇంజనగును.

డిజిటలు పద్ధతికి మార్చువారికి ఒక్క మాట. 1990 దశకమున వ్యాపించిన ఈ పద్ధతిలో ఇంజను లోపల ఒక డీకోడరు కూర్చుండును. రెండు బ్రష్షులును చట్రమునకు తగులక విడిగా నుండవలెను. ఒకటి తగిలిన డీకోడరు క్షణములో కాలిపోవును. పైన చెప్పిన లెక్కలో 8 ఓముల మోటారు 12 వోల్టులయొద్ద బిగిసి నిలిచినపుడు ఒకటిన్నర ఆంపియరు లాగును. చిన్న డీకోడరులలో పెక్కు ఒక ఆంపియరుకు మించి ఓర్వలేవు. ముందు కొలిచి, తరువాత కొనవలెను.

ఏది మార్పవచ్చును? యుద్ధపూర్వపు ఇంజను, పెట్టెతోను కాగితములతోను దొరకినది, రంగు చెడనిది, వీనిని మూడు పట్టాలపైనే నడపవలెనని మా నిశ్చయము. పాత మూడు పట్టాల ముక్కలు కొన్ని సంపాదించి చిన్న వలయము వేయుట, చక్రములు మార్చుటకంటె చవుకయు సులభమును. ఇదివరకే ఎవరో రంగు మార్చినది, చక్రములు పోయినది, పైతొడుగు విరిగినది, ఇట్టివానిని నిర్భయముగా మార్చుడు. విద్యార్థులు పని నేర్చుకొనుటకు అవియే తగినవి.

మార్చిన ఇంజనును పట్టాలపై పెట్టకముందు, బ్రష్షులను తీసి, కుడి ఎడమ చక్రముల నడుమ మీటరుతో కొలువవలెను. ముల్లు కదలరాదు, అంకెల మీటరైనచో ఏ నిరోధమును చూపరాదు. బ్రష్షులను మరల పెట్టినపుడు మోటారు నిరోధము మాత్రమే కనబడవలెను. పిమ్మట సగము వోల్టేజితో ఒక్కొక్క దిక్కునకు పది నిమిషములు, బరువు లేకుండ నడపవలెను. బ్రష్షులు కమ్యుటేటరు వంపునకు ఒదిగినకొలది ఆంపియరుమీటరు సూచిక నెమ్మదిగా దిగును. దిగక పైకి పోవుచున్నచో ఎచ్చటనో రాపిడి యున్నదని నిలిపి చూడవలెను. పని ముగిసిన పిమ్మట ఏ తేదీన ఏ భాగమును తీసితిమో, దాని స్థానమున ఏమి పెట్టితిమో, తీసినది ఎచ్చట దాచితిమో ఒక చీటిపై వ్రాసి పెట్టె మూతలోపల అంటింపవలెను. తీసిన చక్రములను, అయస్కాంతమును, తుదకు పాత మరలను సైతము చిన్నసంచిలో వేసి ఆ పెట్టెలోనే ఉంచవలెను.